విలువైన సేకరణ వస్తువులు తపాలాలో వచ్చేటప్పుడు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

స్టాంపులు, నాణేలు, పాత పుస్తకాలు, కార్డులు, రికార్డులు పోగుచేసే పాఠకుల నుంచి కొంతకాలంగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఒకే రకమైన బెంగ కనిపిస్తోంది. కొన్న వస్తువు అసలైనదా, కాదా అన్న సందేహం కన్నా, అది తమ చేతికి అందేలోపు ఏమవుతుందోనన్న ఆందోళనే వాటిలో ఎక్కువగా ఉంది. దూరాన ఉన్న అపరిచితుల దగ్గర కొనడం ఇప్పుడు మామూలైపోయింది కాబట్టి ఆ ఆందోళన సహజమే. అందుకే ఈ సంచికలో శీర్షికను మొత్తంగా ఈ ఒక్క విషయానికే కేటాయించాం. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట వారి ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా ఇచ్చాం.

ప్రశ్న: అయ్యా, నేను చాలాకాలంగా పాత తపాలా బిళ్ళలు సేకరిస్తున్నాను. ఇంతవరకు చిన్న చిన్న కొనుగోళ్ళే చేశాను కాబట్టి అవి మామూలు కవర్లలో వచ్చినా పట్టించుకోలేదు. ఇప్పుడు మొదటిసారిగా వేరే దేశంలో ఉన్న ఒక సేకర్త నుంచి ఖరీదైన బిళ్ళల జత కొనబోతున్నాను. ఆయన “రిజిస్టర్డ్ పోస్టులో పంపుతాను, దిగులు పడకండి” అంటున్నారు. అది సరిపోతుందా?

సమాధానం: సరిపోదు. ఎందుకు సరిపోదో తెలిస్తే మీరు ఆయనతో మాట్లాడవలసిన విషయాలు మీకే స్పష్టమవుతాయి. ట్రాకింగ్, రిజిస్ట్రేషన్, బీమా అనే మూడు మాటలను చాలామంది ఒకే అర్థంలో వాడుతున్నారు గాని, ఆ మూడూ మూడు వేర్వేరు రక్షణలు. ట్రాకింగ్ ఉంటే కవరు ఏ ఊళ్ళో, ఏ యంత్రం ముందునుంచి దాటిందో తెలుస్తుంది, అంతకుమించి ఏమీ తెలియదు. రిజిస్టర్డ్ పోస్టులో కవరు ఒక చేతి నుంచి మరొక చేతికి మారిన ప్రతిసారీ నమోదవుతుంది, చివర సంతకం తీసుకుంటారు. కాబట్టి అది దారి తప్పే అవకాశం బాగా తగ్గుతుంది. అయితే పోయినప్పుడు చెల్లించే పరిహారానికి మాత్రం ఒక స్థిరమైన పరిమితి ఉంటుంది, ఆ పరిమితికి లోపల ఉన్న వస్తువు విలువతో సంబంధం ఉండదు. బీమా చేసిన తపాలాలో మాత్రమే పంపినవారు ముందుగా ప్రకటించిన విలువ మేరకు పరిహారం కోరే వీలుంటుంది.

1958 నవంబరులో న్యూయార్క్ నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్, 45 కేరట్లు దాటిన హోప్ వజ్రాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు కానుకగా ఇస్తూ, దాన్ని మామూలు గోధుమరంగు కాగితంలో చుట్టించి రిజిస్టర్డ్ పోస్టులోనే పంపారు. ఈ సంగతిని చాలామంది రిజిస్టర్డ్ పోస్టు గొప్పదనానికి నిదర్శనంగా చెబుతారు. కానీ ఆయన తపాలా కార్యాలయంలో చెల్లించిన 145 డాలర్ల 29 సెంట్లలో తపాలా రుసుము 2 డాలర్ల 44 సెంట్లు మాత్రమే, మిగిలినదంతా పది లక్షల డాలర్ల బీమా కోసం కట్టిన మొత్తం. నాకు ఈ ఉదంతంలో వజ్రం కన్నా ఆ రసీదే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది.

కాబట్టి డబ్బు పంపే ముందే మీరు ఆయనతో కొన్ని విషయాలు రాతపూర్వకంగా తేల్చుకోండి. ఏ సేవలో పంపుతారు, ఎంత విలువ ప్రకటిస్తారు, బీమా ఖర్చు ఎవరు భరిస్తారు, దారిలో పోతే నష్టం ఎవరిది అన్నవి మొదట తేలాలి. పంపిన రోజే తపాలా రసీదు ఫొటో పంపమని అడగండి. అంతర్జాతీయ తపాలాలో ట్రాకింగ్ నంబరు 13 అక్షరాంకెలతో ఉంటుంది: మొదట రెండు ఇంగ్లిషు అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర పంపిన దేశాన్ని తెలిపే మరో రెండు అక్షరాలు. ఆ మొదటి అక్షరం ఆర్ అయితే అది రిజిస్టర్డ్, వి అయితే బీమా చేసిన తపాలా, సి అయితే పార్సిల్, ఇ అయితే ఎక్స్‌ప్రెస్ సేవ. బీమా చేశామని చెప్పి పంపిన నంబరు ఆర్‌తో మొదలైతే, అది ఎందుకో వెంటనే అడగండి.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. అంతర్జాతీయ తపాలాలో పరిహారం కోరే హక్కు సాధారణంగా పంపినవారిదే గాని, అందుకునేవారిది కాదు. పంపినవారు ఆ హక్కును మీకు వదులుకుంటున్నట్టు రాసి ఇస్తేనే అది మీకు దక్కుతుంది. పార్సిల్ పోయిన తర్వాత ఫిర్యాదు చేయడానికి అవతలివారు బద్ధకించినా, మీ ఉత్తరాలకు జవాబివ్వడం మానేసినా మీరు చేయగలిగింది చాలా తక్కువ. అందుకే “అవసరమైతే నేను వెంటనే ఫిర్యాదు దాఖలు చేస్తాను, లేదా హక్కును మీకు రాసిస్తాను” అన్న ఒక్క వాక్యాన్ని ఆయన చేత ముందే రాయించుకోండి. మంచి సేకర్త ఎవరూ దీనికి నొచ్చుకోరు. నొచ్చుకుంటే ఆ కొనుగోలు గురించి మరోసారి ఆలోచించడం మేలు.

ప్రైవేటు కొరియర్ అయితే భయం లేదనుకోవడం కూడా సరికాదు. చాలా కొరియర్ సంస్థల నిబంధనల్లో నాణేలు, నగలు, స్టాంపులు, పురాతన వస్తువులు స్వీకరించబోమనో, స్వీకరించినా వాటికి పరిహారం ఇవ్వబోమనో రాసి ఉంటుంది. నిషేధించిన వస్తువును వేరే పేరుతో పంపితే, కట్టిన బీమా కూడా పనికిరాకుండా పోతుంది. తరచుగా ఖరీదైన వస్తువులు తెప్పించుకునేవారు, రవాణాలో ఉన్నప్పుడు కూడా వర్తించేలా సేకరణల కోసం ప్రత్యేకంగా ఇచ్చే బీమా పాలసీ తీసుకోవడం గురించి ఆలోచించాలి. ఇంటి సామానుకు తీసుకున్న మామూలు పాలసీ దారిలో ఉన్న వస్తువుకు వర్తిస్తుందని, పాలసీ పత్రం చదవకుండా అనుకోకండి.

ప్రశ్న: ఒక పాత వెండి నాణెం కొన్నాను. అమ్మినవారు “ఒక్క నాణెమే కదా, దళసరి కాగితంలో చుట్టి కవరులో వేసేస్తాను” అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

సమాధానం: దయచేసి ఒప్పుకోవద్దు. ఉత్తరాలను వేరుచేసే యంత్రాలు గంటకు 30,000కు పైగా కవర్లను బెల్టుల మధ్య బిగించి, చక్రాల చుట్టూ వంచుతూ లాక్కుపోతాయి. కాగితం వంగుతుంది, నాణెం వంగదు. ఆ వేగంలో నాణెం కవరు అంచును చీల్చుకుని బయటకు దూసుకుపోతుంది, మీకు అందేది చిరిగిన ఖాళీ కవరు. అక్కడ దొంగ ఎవరూ ఉండరు గనక ఎవరిని అడగాలో కూడా తెలియదు. పైగా దేశాల మధ్య తపాలాను సమన్వయం చేసే యూనివర్సల్ పోస్టల్ యూనియన్ నియమాల ప్రకారం నాణేలు, కరెన్సీ నోట్లు, బంగారం, వెండి, రత్నాలు వంటివాటిని బీమా లేని ఉత్తరాల్లో పెట్టకూడదు. రెండు దేశాల చట్టాలూ అనుమతిస్తే మూసిన కవరులో రిజిస్టర్ చేసి పంపవచ్చన్న ఒక్క మినహాయింపు ఉంది. మామూలు కవరులో వేస్తే, పోయినప్పుడు తప్పు పంపినవారిదే అవుతుంది.

నాణేన్ని రెండు గట్టి అట్టల మధ్య కదలకుండా బిగించి, చిన్న అట్టపెట్టెలో పెట్టి పంపమని అడగండి. పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల చప్పుడు రాకూడదు. చప్పుడు వస్తే అంచులు ఒరుసుకుపోతున్నాయని అర్థం, లోపల లోహపు బిళ్ళ ఉందని దారిలో ప్రతి చేతికీ తెలుస్తుందని కూడా అర్థం. మెత్తగా వంగే పీవీసీ ప్లాస్టిక్ తొడుగులో వస్తే, అందిన రోజే దానిలోంచి తీసి పాలిస్టర్ తొడుగులోకి మార్చండి. పీవీసీలోని మెత్తదనం కోసం కలిపిన రసాయనాలు కాలక్రమంలో బయటకు వచ్చి నాణెం మీద ఆకుపచ్చని జిడ్డు పొరగా పేరుకుంటాయి. పాత నాణేన్ని తోమి శుభ్రం చేయాలన్న కోరికను మాత్రం అణచుకోండి. తోమితే పోయేది మురికి ఒక్కటే కాదు, నాణెం మీద కాలం వేసిన పొర కూడా పోతుంది, దానితో పాటు విలువ కూడా.

ప్రశ్న: విదేశం నుంచి ఒక పాత వస్తువు తెప్పించుకుంటున్నాను. కస్టమ్స్ పత్రంలో “బహుమతి” అని రాసి, విలువ తక్కువగా చూపిస్తే సుంకం తప్పుతుందని, అందరూ అలాగే చేస్తారని అమ్మినవారు చెబుతున్నారు. పైగా అసలు విలువ పైన రాస్తే దొంగల కంట పడుతుందని కూడా అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. వాటిని విడదీసి చూడాలి.

మొదటిది సుంకం సంగతి. అబద్ధపు ప్రకటన చట్టవిరుద్ధం, వస్తువును స్వాధీనం చేసుకోవచ్చు, జరిమానా కూడా వేయవచ్చు. అది పక్కన పెట్టినా, మీ సొంత రక్షణకే ఇది దెబ్బ. పదో వంతు విలువ ప్రకటించిన పార్సిల్ పోతే, ఆ పదో వంతు మీదనే లెక్క జరుగుతుంది. బీమాకు ఒక విలువ, కస్టమ్స్‌కు మరో విలువ చూపిస్తే రెండు పత్రాలూ ఒకదాన్నొకటి కాదంటాయి, పరిహారం అడిగే రోజున అదే మీకు అడ్డుపడుతుంది. అంతర్జాతీయ తపాలాలో రెండు కస్టమ్స్ పత్రాలు వాడుకలో ఉన్నాయి: 300 ఎస్‌డీఆర్‌ల (అంతర్జాతీయ లెక్కల్లో వాడే ఒక విలువ ప్రమాణం) విలువ వరకు సీఎన్ 22 అనే చిన్న చీటీ, అంతకు మించితే సీఎన్ 23 అనే పెద్ద పత్రం. ఖరీదైన వస్తువుకు చిన్న చీటీ అంటించి వచ్చిందంటే విలువ తగ్గించి రాశారని అధికారులకు చూడగానే తెలిసిపోతుంది.

చాలామందికి తెలియని మరో మార్గం ఉంది, అది నిజాయితీగా ఉన్నదే. ప్రపంచ దేశాల్లో అధిక భాగం వాడే సుంకాల వర్గీకరణలో 9704 కింద తపాలా బిళ్ళలు, 9705 కింద చారిత్రక, నాణేల శాస్త్ర సంబంధమైన సేకరణలు, 9706 కింద 100 ఏళ్ళు దాటిన పురాతన వస్తువులు విడిగా ఉన్నాయి. చాలా దేశాల్లో వీటి సుంకం మామూలు సరకుల కన్నా వేరుగా ఉంటుంది. “పాత లోహపు సామాను” అనో “కాగితాలు” అనో దాచి రాయడం కన్నా, వస్తువు పేరు, తయారైన కాలం, సరైన వర్గీకరణ అంకె స్పష్టంగా రాయించి, లోపల కొనుగోలు రసీదు నకలు పెట్టించడం వల్ల పార్సిల్ కస్టమ్స్‌లో నిలిచిపోయే అవకాశం తగ్గుతుంది. మీ దేశంలో ఆ వర్గానికి సుంకం ఎంతో కొనే ముందే కస్టమ్స్ శాఖ పట్టికలో చూసుకోండి.

ఏనుగు దంతం, తాబేటి చిప్ప వంటివి ఇమిడి ఉన్న పాత వస్తువుల విషయంలో అదనపు జాగ్రత్త కావాలి. అంతరించిపోతున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం 1975లో అమల్లోకి వచ్చింది. అటువంటి వస్తువుకు సరైన అనుమతి పత్రం లేకపోతే, అది ఎంత పాతదైనా సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. తవ్వకాల్లో దొరికిన శిల్పాలు, ప్రాచీన నాణేలు, తాళపత్రాల వంటి సాంస్కృతిక సంపద విషయంలో 1970 యునెస్కో ఒప్పందం ఉంది. అసలు దేశం నుంచి చట్టబద్ధంగా బయటకు వచ్చిందని చూపే పత్రాలు అమ్మేవారి దగ్గర లేకపోతే, ఆ వస్తువు భద్రంగా చేరుతుందా అన్నది కాదు, అది మీ దగ్గర ఉండవచ్చా అన్నదే ప్రశ్న.

రెండోది దొంగల భయం. అది నిరాధారం కాదు. కస్టమ్స్ పత్రంలో నిజం రాయాలి గాని, పెట్టె మీద మిగిలిన చోట్ల ఏమీ చెప్పనవసరం లేదు. “నాణేల దుకాణం”, “స్టాంపుల సంఘం” వంటి పేర్లున్న లేబుళ్ళు, రంగురంగుల టేపు, “విలువైనది” అన్న ముద్రలు వద్దని పంపేవారికి చెప్పండి. పంపినవారి చిరునామాలో వ్యక్తి పేరు ఉంటే చాలు. 1905లో దొరికిన 3,106 కేరట్ల కల్లినన్ వజ్రాన్ని లండన్‌కు తరలించినప్పుడు, ఓడలో కాపలాదారులతో ఒక నకిలీని పంపి, అసలు రాయిని సాదాసీదా పెట్టెలో తపాలా ద్వారా పంపారని ప్రసిద్ధి. పెట్టె సాదాగా ఉండడమే దానికి రక్ష.

ప్రశ్న: మొన్న వచ్చిన పార్సిల్ ఒక మూల నలిగి, వేరే రంగు టేపు అంటించి ఉంది. తెచ్చినతను సంతకం పెట్టమని తొందరపెట్టడంతో పెట్టేశాను. తెరిస్తే లోపల రెండు వస్తువులకు ఒకటే ఉంది. ఇప్పుడు నేను చేయగలిగింది ఏమైనా ఉందా? ముందుముందు ఎలా జాగ్రత్తపడాలి?

సమాధానం: ఇప్పటికైనా ఆలస్యం చేయకండి. సంతకం పెట్టాక తపాలా సంస్థ బాధ్యత తీరిపోయినట్టు లెక్క అయినా, లోటు కనబడిన వెంటనే, నష్టం తమ చేతికి అందే ముందే జరిగిందని చూపుతూ రాతపూర్వకంగా తెలియజేసినవారికి చాలా చోట్ల వెసులుబాటు ఉంది. పెట్టెను, టేపును, లోపలి కాగితాలను ఏ ముక్కా పారేయకుండా ఉన్నది ఉన్నట్టు ఉంచి, ఫొటోలు తీసి, ఈ రోజే తపాలా కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చి, దానికి రసీదు తీసుకోండి. అదే రోజున పంపినవారికి కూడా రాయండి. పంపే ముందు తూచిన బరువు ఆయన రసీదులో ఉంటుంది. ఆ కాగితం మీకు చాలా ముఖ్యం.

ముందుముందు కోసం చెప్పవలసింది ఎక్కువే ఉంది. పార్సిల్ చేతికి రాగానే సంతకానికి ముందు ఆరు వైపులా తిప్పి చూడండి. అందుకు అర నిమిషం కూడా పట్టదు. అన్ని మూలలూ ఒకేలా ఉన్నాయా, టేపు కింద మరో టేపు చీలిన జాడ ఉందా, కాగితం మీద జిగురు ఎండిన మెరుపు కనిపిస్తోందా, లేబుల్‌ను ఊడదీసి మళ్ళీ అంటించినట్టు అంచులు పైకి లేచాయా అని చూడాలి. పాత టేపును లాగినచోట అట్ట పైపొర నూగులా లేచి ఉంటుంది, దాని మీద కొత్త టేపు అంటించినా ఆ గరుకుదనం వేలికి తగులుతుంది. వేరే టేపు ఉన్నంత మాత్రాన దొంగతనమే అనుకోనవసరం లేదు. కస్టమ్స్ అధికారులు తెరిచి పరిశీలించిన పార్సిల్‌ను తమ టేపుతో మూసి, తెరిచినట్టు ముద్రో చీటీయో పెడతారు. అటువంటి గుర్తు ఏదీ లేకుండా మళ్ళీ మూసి ఉన్నదే అనుమానించవలసినది.

తర్వాత తూకం. లేబుల్ మీద గ్రాముల్లో బరువు ముద్రించి ఉంటుంది. ఇంట్లో వాడే చిన్న డిజిటల్ తూకం దగ్గర ఉంచుకోండి. తూకానికీ తూకానికీ ఉండే తేడా వల్ల, అట్ట చెమ్మ పీల్చడం వల్ల కొన్ని గ్రాములు అటూ ఇటూ కావడం మామూలే. పెద్ద తేడా కనిపిస్తే మాత్రం సంతకం పెట్టకుండా తపాలా కార్యాలయంలో ఉద్యోగి సమక్షంలో తూచి, తెరిచి, కనబడినదాన్ని నివేదికగా రాయమని కోరండి. ఈ పద్ధతి చాలా తపాలా వ్యవస్థల్లో ఉంది. అది కుదరనప్పుడు సంతకం పక్కనే “పెట్టె నలిగి ఉంది, టేపు మార్చి ఉంది, బరువు ఇంత” అని రాసి సంతకం పెట్టండి. పరికరం తెర మీద సంతకం తీసుకునేచోట రాయడానికి చోటు ఉండదు కాబట్టి, ఆ పార్సిల్‌ను తెచ్చినవారి చేతిలో ఉండగానే ఫొటో తీయండి.

తీసుకోకుండా తిప్పి పంపడం మంచిదా అని కూడా కొందరు అడిగారు. నా అభిప్రాయంలో అది ఆఖరి మార్గం. తిప్పి పంపిన పార్సిల్ మళ్ళీ అదే దారిలో, ఈసారి మరింత బలహీనమైన పెట్టెలో ప్రయాణిస్తుంది. లోపల మిగిలి ఉన్నది కూడా పోతే, అది ఎక్కడ పోయిందో ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: భార్యాభర్తలం ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. విలువైన పార్సిల్ వచ్చే రోజున ఏం చేయాలి?

సమాధానం: పార్సిల్‌ను ఇంటికి రప్పించనవసరం లేదు. పంపేవారితో ముందే మాట్లాడి, తపాలా కార్యాలయంలోనే ఉంచి, మీరు గుర్తింపు పత్రం చూపి తీసుకునే ఏర్పాటు చేసుకోండి. చాలా దేశాల్లో ఉన్న ఈ సేవకు పోస్ట్ రెస్టాంట్ అని పేరు. అయితే ఎన్ని రోజులు ఉంచుతారో కనుక్కోండి, గడువు దాటితే వస్తువు వెనక్కి వెళ్ళిపోతుంది. పేరు విషయంలో కూడా జాగ్రత్త పడండి. పార్సిల్ మీద పేరు మీ గుర్తింపు పత్రంలో ఉన్నట్టే, ఇంటిపేరు, పొడి అక్షరాలతో సహా సరిపోవాలి. ముద్దుపేరుతోనో, సంఘంలో వాడే పేరుతోనో వచ్చిన పార్సిల్‌ను ఇవ్వడానికి ఉద్యోగి నిరాకరిస్తే అది వారి తప్పు కాదు.

ఆఫీసు చిరునామా ఇవ్వడం ఒక మార్గమే గాని, అక్కడ గేటు దగ్గర సంతకం పెట్టే వ్యక్తి వేరు, మీ బల్ల దాకా తెచ్చే వ్యక్తి వేరు అయితే మధ్యలో బాధ్యత ఎవరిదో తేలదు. పక్కింటివారికి ఇవ్వమని చెప్పడం కూడా అంతే. వారు ఎంత మంచివారైనా, పెట్టెను ఆరు వైపులా చూసి తూచి తీసుకోవాలన్న పట్టుదల మీకున్నంతగా వారికి ఉండదు. “గుమ్మం దగ్గర పెట్టేయండి” అన్న అనుమతి మాత్రం, పొరపాటున కూడా, ఏ యాప్‌లోనూ ఇవ్వకండి. ఆ ఒక్క నొక్కుతో సంతకం అవసరాన్ని మీరే వదులుకున్నట్టవుతుంది.

ప్రశ్న: ట్రాకింగ్‌లో “డెలివరీ అయింది” అని చూపిస్తోంది. నాకు మాత్రం ఏమీ అందలేదు. అమ్మినవారు తమ బాధ్యత తీరిపోయిందంటున్నారు.

సమాధానం: ముందు ఇంట్లోవారిని, ఇరుగుపొరుగును అడిగి, ఒక పనిదినం ఆగండి. చేతికి ఇవ్వకముందే యంత్రంలో నమోదు చేసేయడం అరుదు కాదు. ఆ తర్వాత కూడా రాకపోతే తపాలా కార్యాలయానికి వెళ్ళి, ఏ చిరునామాకు ఇచ్చారో, ఎవరు సంతకం చేశారో, ఎంత బరువు నమోదైందో రాతపూర్వకంగా అడగండి. ఆ మూడు వివరాల్లోనే నిజం ఉంటుంది. ఎందుకంటే కొందరు మోసగాళ్ళు మీ పిన్‌కోడ్ పరిధిలోనే వేరే చిరునామాకు ఒక ఖాళీ కవరు పంపి, ఆ ట్రాకింగ్ నంబరునే మీకు ఇస్తారు. తెర మీద ఊరు, తేదీ సరిపోతాయి. సంతకం, ఇంటి నంబరు సరిపోవు. కొన్న వస్తువు బరువుకూ నమోదైన బరువుకూ పొంతన లేకపోవడం కూడా గట్టి ఆధారం. మీరు డబ్బు చెల్లించిన బ్యాంకుకో, అమ్మకాలు జరిపిన వేదికకో ఫిర్యాదు చేయడానికి గడువు ఉంటుంది. అమ్మినవారు “ఇంకో వారం చూడండి” అంటూ సాగదీస్తుంటే ఆ గడువు కరిగిపోతున్నదని గుర్తుంచుకోండి.

ప్రశ్న: పార్సిల్ కోసం ఎదురుచూస్తుండగా “చిరునామా అసంపూర్ణం, కొద్దిపాటి రుసుము చెల్లించండి” అని లింకుతో మెసేజ్ వచ్చింది. చెల్లించాలా?

సమాధానం: ఆ లింకు తెరవకండి. మీ దగ్గరున్న ట్రాకింగ్ నంబరును తపాలా శాఖ అసలు వెబ్‌సైటులో మీరే టైపు చేసి చూసుకోండి. నిజంగా సుంకం బాకీ ఉంటే అక్కడ కనిపిస్తుంది, లేదా తపాలా కార్యాలయంలో చెబుతారు.

ప్రశ్న: చాలాకాలం వెతికిన పాత బిళ్ళలు రేపో మాపో చేరబోతున్నాయి. తెరిచేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు చెప్పగలరా?

సమాధానం: సంతోషం. ఆ ఆత్రంలో కత్తెర తీసుకుని కవరు మధ్యలో కోయకండి. చాలా నష్టాలు దారిలో జరగవు, తెరిచే బల్ల మీదే జరుగుతాయి.

బయట చలి, లోపల ఉక్క ఉన్న రోజుల్లో, లేదా విమానంలో వచ్చిన పార్సిల్ ముట్టుకుంటే చల్లగా ఉన్నప్పుడు, దాన్ని మూసి ఉన్నట్టే కొన్ని గంటలు, వీలైతే ఒక రాత్రి గదిలో ఉంచండి. చల్లని వస్తువు మీద గదిలోని తేమ సన్నని నీటి బిందువులుగా పేరుకుంటుంది. జిగురు చెక్కుచెదరని బిళ్ళకు ఆ పలుచని చెమ్మ చాలు, అది వెనకనున్న కాగితానికి అంటుకుపోతుంది. ఆ తర్వాత వెలుతురున్న బల్ల మీద శుభ్రమైన తెల్ల కాగితం పరిచి, ఫోనును ఒక ఆధారానికి నిలబెట్టి, వీడియో తీయడం మొదలుపెట్టండి. మూసి ఉన్న పెట్టె, లేబుల్, తూకం మీద అంకె, కోత, లోపలి పొరలు, చివరికి వస్తువు, ఇవన్నీ మధ్యలో ఆపకుండా ఒకే వీడియోలో రావాలి. మధ్యలో ఆగిన వీడియోను ఎవరూ ఆధారంగా ఒప్పుకోరు.

బ్లేడును కొన మాత్రమే బయటకు వచ్చేలా పట్టుకుని, లేబుల్ లేని అంచు వెంట టేపును మాత్రమే కోయండి. చిన్న కార్డులను, బిళ్ళలను అట్టల మధ్య పెట్టి చుట్టూ టేపు వేసే అలవాటు చాలామందికి ఉంది. ఆ టేపును లాగితే అట్ట విడిపోతూ లోపలి తొడుగు కూడా దానితో లేచి వస్తుంది, వస్తువు మూల మడతపడేది ఆ క్షణంలోనే. లాగవద్దు, అట్ట అంచుకు బయటి వైపుగా కోయండి. బిళ్ళలను వేళ్ళతో కాకుండా కొనలు చదునుగా ఉన్న స్టాంపు పటకారుతో పట్టుకోవాలి. ఖాళీ అయిందనుకున్న ప్రతి కాగితపు పొరనూ, కవరునూ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూసిన తర్వాతే పక్కన పెట్టండి. తపాలా బిళ్ళ అంత పలుచని వస్తువు మడత లోపల దాక్కుని చెత్తబుట్టలోకి వెళ్ళిపోవడం ఊహించని సంగతేమీ కాదు.

ప్రశ్న: పాత గ్రామఫోన్ రికార్డులు తెప్పిస్తే ప్రతిసారీ అట్టకవరు అంచు చీలి వస్తోంది. రికార్డు మాత్రం బాగానే ఉంటోంది. కారణం ఏమిటి?

సమాధానం: రికార్డును కవరు లోపలే ఉంచి పంపడమే కారణం. పార్సిల్ కింద పడ్డప్పుడు బరువైన రికార్డు లోపలి నుంచి అంచును గుద్ది చీలుస్తుంది. రికార్డును లోపలి కాగితపు తొడుగుతో సహా బయటకు తీసి, ఖాళీ అట్టకవరుకు ఆనించి, రెండిటికీ కలిపి పైన తొడుగు వేసి పంపమని అడగండి.

ప్రశ్న: వస్తువు భద్రంగానే చేరింది. కాని ఫొటోలో కనిపించినంత బాగా లేదు. ఇది తపాలాలో జరిగిన నష్టమో, ముందునుంచే ఉన్న లోపమో ఎలా చెప్పగలం?

సమాధానం: కొనే ముందే పెద్ద ఫొటోలు తీయించుకుని దాచుకున్నవారికి ఇది తేలిక. నాలుగు మూలలు, వెనక వైపు, అంచులు, వెలుతురుకు పక్కగా వంచి తీసిన ఫొటో ఉంటే ప్రతి మరకనూ పోల్చుకోవచ్చు. అవి లేనప్పుడు వస్తువుతో పాటు దాని చుట్టూ ఉన్నవాటిని కూడా చూడాలి. మూల మడతపడి, దాన్ని పట్టుకున్న అట్ట, పెట్టె కూడా అదే చోట నలిగి ఉంటే దెబ్బ దారిలో తగిలింది. పెట్టె, అట్ట నిక్షేపంగా ఉండి, వస్తువు మీద మాత్రమే మడత ఉంటే అది పంపే ముందు నుంచే ఉన్నట్టు. కొత్త చీలికలో కాగితం లోపలి పీచు తెల్లగా కనిపిస్తుంది, పాత చీలికలో అది మిగతా కాగితంలాగే రంగు మారి, దుమ్ము పట్టి ఉంటుంది. చెమ్మ మరక పెట్టెకు, చుట్టిన కాగితానికి, వస్తువుకు ఒకే వరసలో తగిలిందా, లేదా అన్నది కూడా చూడండి. మొదటిదైతే తపాలా సంస్థకు, రెండోదైతే అమ్మినవారికి రాయాలి. ఒకే ఉత్తరంలో ఇద్దరినీ తప్పుపడితే ఇద్దరూ ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు. సందేహం ఉన్నంతకాలం వస్తువును తొడుగు మార్చకుండా, శుభ్రం చేయకుండా, ఆల్బంలో పెట్టకుండా వచ్చినట్టే ఉంచండి.

ప్రశ్న: వస్తువు సరిగ్గా అందిన తర్వాత పెట్టె, కవర్లు ఎంతకాలం ఉంచాలి? ఇల్లంతా అట్టపెట్టెలతో నిండిపోతోంది.

సమాధానం: వస్తువును నిదానంగా పరిశీలించి, అసలైనదేనని తెలిసినవారి చేత చూపించుకునే వరకు పెట్టెను ఉంచండి. అంతర్జాతీయ తపాలాలో విచారణ కోరడానికి పంపిన మర్నాటి నుంచి 6 నెలల గడువు ఉంటుంది. అమ్మినవారు, బీమా సంస్థ ఇచ్చే గడువులు అంతకన్నా తక్కువే ఉండవచ్చు కాబట్టి వాటిని విడిగా రాసి పెట్టుకోండి. ఆ లోపు ఏ తేడా కనిపించకపోతే పెట్టెను పారేయవచ్చు. లేబుల్ ఉన్న భాగాన్ని మాత్రం కోసి దాచండి. తపాలా రసీదు, కొనుగోలు పత్రం, కస్టమ్స్ చీటీ, ఉత్తర ప్రత్యుత్తరాలు, తెరిచేటప్పటి వీడియో, ఇవన్నీ ఆ వస్తువు పేరుతో ఒకే చోట ఉండాలి. రేపు దాన్ని మీరు అమ్మాలన్నా, మీ పిల్లలు దాని విలువ తెలుసుకోవాలన్నా మొదట అడిగేది అవే.

కవరు విషయంలో ఒక్క మాట. రిజిస్ట్రేషన్ చీటీ, స్పష్టమైన తేదీముద్రలు, అసలు బిళ్ళలు అంటించిన కవరు వస్తే, బిళ్ళల కోసం దాన్ని చించకండి. తపాలా చరిత్రను సేకరించేవారికి ఊడదీసిన బిళ్ళ కన్నా, దాని ప్రయాణం మొత్తం ముద్రల్లో కనిపించే పూర్తి కవరే ఎక్కువ విలువైనది. దాన్ని రెండు అట్టల మధ్య, ఎండ తగలని చోట, వేరుగా భద్రపరచండి.